రెట్రోఆర్చ్‌లో సీఆర్‌టీ షేడర్లు: మూడేళ్లు వాడాక

పాత గేము యంత్రాల ఆటలను కంప్యూటర్, ఫోన్ మీద నడిపే సాఫ్ట్‌వేర్ రెట్రోఆర్చ్. డబ్బా టీవీ (సీఆర్‌టీ) బొమ్మను ఎల్‌సీడీ మీద తెప్పించే షేడర్లు, అంటే బొమ్మ తెర మీదికి వెళ్లే ముందు దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాములు, అందులో పదుల కొద్దీ ఉన్నాయి. మూడేళ్లుగా వాడుతున్నది గెస్ట్ అడ్వాన్స్‌డ్. పక్కన పెట్టి పోల్చుకుంటూ వచ్చినవి రాయల్, ఈజీమోడ్, జెడ్‌ఫాస్ట్. మొదట 24 అంగుళాల 1080పీ మానిటర్ మీద, తర్వాత 27 అంగుళాల 4కే మానిటర్ మీద. తేలిందేమిటో ముందే చెప్పేస్తాను. ఏ షేడర్ మంచిదన్నది రెండో ప్రశ్న. మాస్క్ (డబ్బా టీవీ తెరలోని రంగుల జల్లెడ నమూనా) గీయడానికి మీ తెరలో సరిపడా పిక్సెళ్లున్నాయా, ఆ మాస్క్ మింగేసిన వెలుగును మీ బ్యాక్‌లైట్ తిరిగి ఇవ్వగలదా అన్నదే మొదటి ప్రశ్న.

పెట్టుకోవడం తేలికే. వీడియో డ్రైవర్ వల్కన్, జీఎల్‌కోర్ లాంటి కొత్తది ఉండాలి. పాత జీఎల్ డ్రైవర్ మీద స్లాంగ్ షేడర్లు (రెట్రోఆర్చ్ కొత్త ఫార్మాట్‌లో రాసినవి) పనిచేయవు. ఆన్‌లైన్ అప్‌డేటర్‌లో స్లాంగ్ షేడర్లను దింపుకుని, గేమ్ నడుస్తుండగా క్విక్ మెనూలోని షేడర్స్‌కి వెళ్లి, సీఆర్‌టీ ఫోల్డర్‌లో ఉన్న ప్రీసెట్‌ను లోడ్ చేయాలి. సేవ్ చేసేటప్పుడు కోర్ (ఒక్కో గేము యంత్రాన్ని అనుకరించే భాగం) ప్రీసెట్‌గా చేయండి, గ్లోబల్‌గా వద్దు. గ్లోబల్ పెడితే గేమ్‌బాయ్ అడ్వాన్స్ గేములకూ డబ్బా టీవీ అడ్డ గీతలు పడతాయి. దానిది పుట్టుకతోనే ఎల్‌సీడీ, దానికి గీతలెందుకు?

ముందు కొలత సరిచూసుకోవాలి. సూపర్ నింటెండో బొమ్మ ఎక్కువ గేముల్లో 256 × 224. 1080ని 224తో భాగిస్తే 4.82 వస్తుంది. అలాగే తెర నిండా సాగదీస్తే ఒక గీత నాలుగు పిక్సెళ్ల మందం, ఇంకో గీత ఐదు. బొమ్మ పైకీ కిందికీ కదిలినప్పుడు తెర మీద అలలు పోతున్నట్టు కనిపిస్తుంది. ఇంటీజర్ స్కేల్ (బొమ్మను పూర్ణాంక రెట్లే పెంచే సెట్టింగు) ఆన్ చేసి 4 రెట్లు పెడితే 896 పిక్సెళ్ల ఎత్తు, పైనా కిందా 92 పిక్సెళ్ల చొప్పున నలుపు. 5 రెట్లయితే 1120, అంటే పైనా కిందా 20 పిక్సెళ్లు తెగిపోతాయి. అవి గేములో నాలుగేసి గీతలు మాత్రమే. అసలు టీవీలూ అంచులను కోసేవి కాబట్టి గేములవాళ్లు అక్కడ ముఖ్యమైనదేదీ పెట్టేవారు కాదు. 1080పీ మీద నా ఓటు 5 రెట్లకే. 4కేలో 240 గీతల గేముకి సరిగ్గా 9 రెట్లు పడుతుంది, ఏ తంటా లేదు. వెడల్పును మాత్రం 4:3కే ఉంచాలి. చదరపు పిక్సెళ్లు పెడితే సూపర్ నింటెండోలో బొమ్మలన్నీ సన్నగా, పొడుగ్గా కనిపిస్తాయి.

ఇక మాస్క్. గాజు వెనక ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫాస్ఫర్లను (వెలుగునిచ్చే పూతలను) వేరు చేసే జల్లెడ అది. సోనీ ట్రినిట్రాన్‌లో నిలువు తీగలు, మిగతా ఇంటి టీవీల్లో చాలావరకు ఇటుకల వరసలా ఉండే స్లాట్ మాస్క్. కేవలం నల్ల గీతలు గీసి వదిలేసే షేడర్లు తేలిపోయేది ఇక్కడే. లెక్క చూడండి. మూడు పిక్సెళ్లకు ఒక జట్టు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి) చొప్పున గీస్తే, 4కేలో తెర ఎత్తంత వెడల్పులో 720 జట్లు పడతాయి. అది స్టూడియో మానిటర్ సన్నదనం. ఇంటి టీవీలా రావాలంటే ఆరు పిక్సెళ్లకో జట్టు, అంటే 360 కావాలి. అందుకే 4కేలో గెస్ట్ అడ్వాన్స్‌డ్ మాస్క్ సైజును 2 చేయాలి. 1080పీలో సైజు 1 ఉంటేనే ఆ 360 వచ్చేస్తాయి. అయితే ఒక్కో రంగుకు ఒక్క పిక్సెలే మిగులుతుంది కాబట్టి స్లాట్ ఆకారం సరిగా కుదరదు. అక్కడ నిలువు తీగలే మేలు.

మాస్క్ నిజంగా పడుతోందా లేదా తెలియాలంటే తెల్లటి అక్షరం ఉన్న చోట ఆట ఆపి, ఫోన్ కెమెరాను తెరకు దగ్గరగా తీసుకెళ్లి జూమ్ చేయండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు ఒకే దూరంలో, ఒకే వరసలో కనబడాలి. కొన్నిచోట్ల మందంగా, కొన్నిచోట్ల పలచగా ఉంటే సిగ్నల్ దారిలో ఎక్కడో బొమ్మ సాగుతోందో మారుతోందో అన్న మాట. మానిటర్ అసలు రిజల్యూషన్‌లో నడవకపోవడం, టీవీలో ఓవర్‌స్కాన్ (అంచులు కోసి బొమ్మను పెంచడం) ఆన్‌లో ఉండడం, షార్ప్‌నెస్ పెంచి ఉండడం, సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి కారణమవుతుంది. గీతలున్నా రంగులు కలిసిపోయి బూడిదలా కనిపిస్తే అది క్రోమా (రంగు సమాచారం) దెబ్బ. టీవీ 4:2:0లో ఉంటే రంగు సమాచారం నాలుగు పిక్సెళ్లకు ఒక్కటే వస్తుంది, పిక్సెల్ పిక్సెల్‌కీ రంగు మారే మాస్క్ అందులో బతకదు. హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కు పీసీ అని పేరు పెడితే చాలా టీవీలు 4:4:4కి, అంటే ప్రతి పిక్సెల్‌కీ రంగు సమాచారం వచ్చే పద్ధతికి మారతాయి. తెల్ల సబ్‌పిక్సెల్ కలిపిన ఓలెడ్ టీవీల్లో మాత్రం అన్నీ సరిగా ఉన్నా వరస చెదురుతుంది. అక్కడ మాస్క్ సైజు పెంచడమే మార్గం.

వెలుగు సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. మూడు రంగుల మాస్క్ పూర్తి బలంతో పెడితే మూడో వంతు వెలుగే బయటికి వస్తుంది. ఊదా–ఆకుపచ్చ జత మాస్క్ సగం ఇస్తుంది. గీతల మధ్య ఖాళీ ఇంకొంత తింటుంది. 300 నిట్‌ల (నిట్ అంటే తెర వెలుగు కొలత) మానిటర్ మీద రెండూ పూర్తిగా పెడితే సాయంత్రం గదిలో కూడా బొమ్మ డల్లుగా ఉంటుంది. చాలామంది షేడర్‌లో బ్రైట్ బూస్ట్ పెంచేస్తారు. అది తప్పు. తెలుపు, లేత పసుపు, లేత నీలం అన్నీ ఒకే తెలుపై మేఘాల్లో వివరం పోతుంది. ముందు మానిటర్ బ్యాక్‌లైట్‌ను చివరిదాకా పెంచండి, అప్పటికీ చాలకపోతే మాస్క్ బలాన్ని సగానికి తగ్గించండి, బూస్ట్‌ను చివరికి వదిలేయండి. 600 నిట్‌లు దాటే హెచ్‌డీఆర్ తెర ఉంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

గీతల్లో గెస్ట్ అడ్వాన్స్‌డ్‌ది పై చెయ్యి. ఆ కాలపు కన్సోళ్లు 240పీ (ఫ్రేముకు 240 గీతల బొమ్మ) పంపేవి. ప్రతి ఫ్రేమూ అవే గీతల మీద పడేది, మధ్య గీతలు ఖాళీగా ఉండిపోయేవి. వెలుగు ఎక్కువైతే టీవీ లోపలి ఎలక్ట్రాన్ కిరణం లావెక్కేది, తగ్గితే సన్నబడేది. ఈ షేడర్‌లో ముదురు నీలం ఆకాశం మీద ఖాళీలు స్పష్టంగా కనిపిస్తాయి, అదే తెర మీదున్న తెల్ల స్కోరు అంకెల్లో దాదాపు మూసుకుపోతాయి. ఈజీమోడ్‌లో ఈ తేడా ఇంత తీరుగా రాదు. రాయల్‌లో వస్తుంది, ఫాస్ఫర్ మెరుపు అందులో ఇంకా బాగుంటుంది కూడా. కానీ ల్యాప్‌టాప్‌లలో ఉండే చిన్న గ్రాఫిక్స్ మీద 4కేలో రాయల్ నడపడం కష్టం. ఫ్రేముకున్న 16.7 మిల్లీసెకన్లు దాటితే ధ్వని చిటపటలాడుతుంది. ఫోన్లకూ రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్లకూ జెడ్‌ఫాస్ట్ చాలు.

తెర వంపును 1080పీలో ముట్టుకోకండి. గీతలు పిక్సెల్ వరసలను అడ్డంగా దాటి, తెరంతా వలయాలు వలయాలుగా మచ్చలు పడతాయి. 4కేలో కొద్దిగా పెట్టుకోవచ్చు.

ఎక్కువమంది పడే పొరపాటు ప్లేస్టేషన్ కోర్‌లో ఉంటుంది. కోర్ సెట్టింగుల్లో రిజల్యూషన్‌ను 4 రెట్లు చేసి, పైన షేడర్ పెడతారు. షేడర్‌కు అందేది 960 గీతల బొమ్మ, దానికి తగ్గట్టే అది గీస్తుంది. గీతలు మాయం, బొమ్మ మసక. రిజల్యూషన్‌ను అసలు కొలతకు, అంటే 1కి దించాలి.

సెగా మెగా డ్రైవ్‌కు గెస్ట్ అడ్వాన్స్‌డ్‌లోని ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ సిగ్నల్‌ను అనుకరించే) రకాన్ని వాడండి. సోనిక్ మొదటి గేములో జలపాతం చూడండి. నీటిని ఒక నిలువు వరస వదిలి ఒక వరసలో గీశారు. శుభ్రమైన ఆర్‌జీబీ బొమ్మలో అది దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. వెలుగూ రంగూ ఒకే తీగలో కలిపి పంపే కాంపోజిట్ సిగ్నల్‌లో పక్కపక్క వరసలు కలిసిపోయి వెనకున్న కొండ కనబడే పలచని నీరవుతుంది. గీసినవాళ్లు చూపించాలనుకున్నది ఆ నీటినే. దాని మీద సన్నటి రంగుల చారలు కూడా పడతాయి. అసలు మెషీన్‌లోనూ అవి ఉండేవి, లోపమనుకుని ఆపేయకండి. సూపర్ నింటెండోకు మాత్రం ఈ రకం అంత అవసరం లేదు. మన ఇళ్లలో 90ల్లో ఆంటెన్నా సాకెట్‌కు తగిలించి ఆడిన క్యాసెట్ గేముల మెత్తదనం కావాలంటే, ఇదే ప్రీసెట్‌లో షార్ప్‌నెస్ ఇంకొంచెం దించితే దగ్గరికి వస్తుంది.

ఏ షేడరూ 60 హెర్ట్జ్ తెర మీద ఇవ్వలేనిది కదలికలో స్పష్టత. డబ్బా టీవీలో ఒక్కో చుక్క క్షణంలో వెలిగి ఆరిపోతుంది, ఎల్‌సీడీ ఫ్రేమ్ మొత్తం పట్టుకుని ఉంటుంది. అందుకే సోనిక్ పరిగెడితే మాస్కూ గీతలూ ఎంత బాగున్నా నేపథ్యం అలుక్కుపోతుంది. 120 హెర్ట్జ్ తెర ఉంటే ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య నల్ల ఫ్రేమ్ చొప్పించే సదుపాయం రెట్రోఆర్చ్‌లోనే ఉంది. మసక సగానికి తగ్గుతుంది, వెలుగూ సగమవుతుంది. కొన్ని ఎల్‌సీడీల్లో దీన్ని 120 మీద గంటల తరబడి వాడితే తెర మీద బొమ్మ నీడ నిలిచిపోతుంది. ఆపేసి కాసేపు మామూలు బొమ్మ నడిపితే పోతుంది. తెర 180 ఇస్తే అక్కడికి మార్చుకోండి, ఒక బొమ్మకు రెండు నల్ల ఫ్రేములు పడతాయి కాబట్టి ఆ నీడ రాదు.