సరస్సు పక్క చిన్న ఊళ్ళో తొమ్మిదేళ్ళ కాపురం: వెళ్దామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళకి

మేం ఈ ఊరికి వచ్చి తొమ్మిదేళ్ళు దాటింది. మొదటి ఏడాదే ఈ సమీక్ష రాసి ఉంటే సగం సూర్యోదయాల గురించి, సగం ప్రశాంతత గురించి ఉండేది. అందులో అబద్ధం ఏమీ ఉండేది కాదు. కానీ ఉన్నచోట వదిలేసి రావాలా వద్దా అని రాత్రిళ్ళు నిద్రపట్టక ఆలోచిస్తున్నవాళ్ళకి అది దేనికీ పనికొచ్చేది కాదు. అందుకే ఇన్నాళ్ళు ఆగాను.

సరస్సు మరీ పెద్దదేం కాదు. ఇటు నిలబడితే అటు ఒడ్డున చెట్లు కనిపిస్తాయి. చుట్టి రావాలంటే మాత్రం పొద్దున్నే బయల్దేరినా సాయంత్రం అవుతుంది. ఇల్లు కొనేముందు రెండుసార్లు వచ్చి చూశాం. రెండుసార్లూ నీళ్ళు తేటగా ఉండే నెలల్లోనే వచ్చాం. అమ్మేవాళ్ళు ఆ నెలల్లోనే చూపిస్తారని తర్వాత తెలిసింది. మా ఆయన నీళ్ళకి అతి దగ్గరగా ఉన్న ఇల్లే కావాలన్నారు, నేనూ సరేనన్నాను. ఆ ఒక్క నిర్ణయం గురించి ఇన్నేళ్ళలో మేం మాట్లాడుకున్నంతగా మరి దేని గురించీ మాట్లాడుకోలేదు.

మొదటి ఎండాకాలం చివర్లో ఓ ఉదయం కిటికీ తీస్తే ఒడ్డు వెంబడి ఆకుపచ్చ రంగు డబ్బా ఒలికినట్టుంది. పాచి అనుకున్నాం. మామూలు పాచి చేత్తో తీస్తే దారాల్లా వస్తుంది. ఇది అలా రాలేదు. నీళ్ళలో కలిసిపోయిన రంగులాగా వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. ఎదురింటి పెద్దాయన పరుగున వచ్చి, "అమ్మా, చేతులు కడుక్కో, ముందు మంచినీళ్ళతో కడుక్కో" అన్నారు. అది సైనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల గుంపనీ, వాటిలో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని వదులుతాయనీ ఆరోజే తెలిసింది. నీళ్ళు మరగబెడితే ఆ విషం పోదు. నీరు ఆవిరై విషం ఇంకా చిక్కబడుతుంది. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో ఈరీ సరస్సు నుంచి వచ్చే కుళాయి నీళ్ళు తాగొద్దని, మరగబెట్టి కూడా తాగొద్దని నాలుగు లక్షల మందికి పైగా జనానికి చెప్పాల్సివచ్చింది. అంత పెద్ద నగరానికే అలా జరిగితే, ఒడ్డున పంపు పెట్టుకుని నీళ్ళు తోడుకునే ఇంటి మాటేమిటి? మా వీధిలో ఒకరి కుక్క ఆ నీళ్ళు తాగి ఆ సాయంత్రానికే చనిపోయింది. ఆ పిల్లలు ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

ఈ రంగు ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. 1973లో కెనడాలో 226 అనే నంబరున్న ఓ చిన్న సరస్సుని మధ్యలో తెర కట్టి రెండు భాగాలు చేశారు. రెండువైపులా కర్బనం, నత్రజని వేశారు. ఒకవైపు మాత్రం వాటితోపాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడ్డ సగం పచ్చగా మారింది, రెండో సగం మామూలుగానే ఉండిపోయింది. పైనుంచి తీసిన ఆ ఫోటో చూసిన రోజు నేను మా పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. గడ్డికి వేసే ఎరువు, సెప్టిక్ ట్యాంకు నుంచి నేలలోకి ఇంకే నీరు, వాన పడితే కొట్టుకుపోయే మట్టి, వీటన్నిటిలోనూ భాస్వరం ఉంది. అన్నీ పల్లానికే పోతాయి, పల్లంలో ఉన్నది సరస్సు. అంటే నేను ఏ నీళ్ళని చూసి భయపడ్డానో వాటిలో మా ఇంటి పాలూ ఉంది.

కాబట్టి ఇలాంటి ఊళ్ళో ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు వరండాలోకి కాదు, పెరట్లోకి వెళ్ళండి. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో చూపించమనండి. చూపించలేకపోతే ఆ ఇంటి గురించి మీకు సగం తెలిసినట్టే. ఆఖరిసారి ఎప్పుడు తోడించారో అడగండి. మామూలుగా మూడు నుంచి ఐదేళ్ళకోసారి తోడించాలి, మేం కొన్న ఇంట్లో పదేళ్ళుగా తోడించలేదు. ఆ నీరు ఇంకే చోటు బావికి ఎంత దూరంలో ఉందో, ఏ వాలు మీద ఉందో చూడండి. నేల చిత్తడిగా ఉండి, అక్కడ మాత్రమే గడ్డి ఏపుగా పెరిగి ఉంటే అది మంచి గుర్తు కాదు. బావినీళ్ళని సూక్ష్మజీవులకీ నైట్రేట్‌కీ పరీక్ష చేయించండి. తాగేనీళ్ళలో నైట్రేట్ లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. డబ్బా పాలు తాగే పసిపిల్లలున్న ఇంట్లో దీన్ని అసలు తేలిగ్గా తీసుకోవద్దు. నైట్రేట్ కూడా మరగబెడితే పోయేది కాదు. మాది పరీక్షలో తప్పింది. కొత్త బోరు పైవాలులో వేయించుకున్నాం. ఇల్లు కొనేముందు వేసుకున్న లెక్కల్లో ఆ ఖర్చు లేదు.

చలి మొదలయ్యే రోజుల్లో రెండు మూడు నాళ్ళు ఊరంతా కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎండాకాలమంతా వెచ్చటి నీళ్ళు పైన, చల్లటి బరువైన నీళ్ళు అడుగున విడివిడిగా ఉంటాయి. అడుగున ప్రాణవాయువు అయిపోయి ఆ వాసన అక్కడే పుడుతుంది. పైనీళ్ళు చల్లబడి బరువెక్కాక గాలికి అంతా కలిసిపోయి అడుగుది పైకొస్తుంది. లోతు తక్కువున్న సరస్సుల్లో ఇది ఇంత గట్టిగా జరగదు. మాది లోతైనది. కొన్నేళ్ళు చేపలు కూడా తేలాయి. మొదటిసారి చూసినప్పుడు ఎవరో విషం కలిపారనుకున్నాం.

నీటి మీద శబ్దం ఎంత దూరం వెళ్తుందో ఇక్కడికొచ్చేదాకా నాకు తెలీదు. సాయంత్రాలు నీటికి ఆనుకున్న గాలి చల్లగా, ఆపైన గాలి వెచ్చగా ఉంటుంది. పైకి పోవాల్సిన శబ్దం వంగి మళ్ళీ కిందికే వస్తుంది. అవతలి ఒడ్డున ఎవరో దంపతులు పోట్లాడుకుంటే మాకు మాట మాటా వినపడింది. అంటే మా మాటలూ వాళ్ళకి వినపడతాయి కదా! ఆ తర్వాత మేం బయట కూర్చుని డబ్బుల సంగతులు, ఆరోగ్యం సంగతులు మాట్లాడుకోవడం మానేశాం. సెలవుల్లో పర్యాటకుల మోటారు పడవలు, రాత్రి పొద్దుపోయేదాకా పాటలు కూడా అంతే. ప్రశాంతత కోసమే వచ్చేవాళ్ళు ఆ వారాల్లో ఒకసారి వచ్చి, రాత్రి పదకొండింటికి ఒడ్డున నిలబడి వినండి.

చెమ్మ గురించి క్లుప్తంగా చెప్తాను. పుస్తకాలు ఉబ్బుతాయి, బీరువా వెనక బూజు పడుతుంది, తాళాలు తుప్పు పడతాయి. గోడకీ బీరువాకీ మధ్య జానెడు ఖాళీ వదిలి, ఎండ కాసిన రోజు తలుపులు బార్లా తీస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. ఏడాదిలో ఒకటి రెండు వారాలు దోమల్లాంటి పురుగులు లక్షల్లో లేస్తాయి. అవి కుట్టవు. వాటి పిల్లపురుగులు సరస్సు అడుగు బురదలో పెరుగుతాయి, రెక్కలొచ్చాక కొద్దిరోజులే బతుకుతాయి. బయటి తెల్ల దీపాలు తీసేసి మసక పసుపు దీపాలు పెట్టాక మా గోడల మీద వాలడం బాగా తగ్గింది.

ఇక దూరం సంగతి. ఇక్కడ తొందరపడకుండా చదవండి.

నాలుగో ఏడాది ఓ మధ్యాహ్నం మా అత్తయ్యకి మాట తడబడింది, కుడిచెయ్యి లేవలేదు. మెదడుకి వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే మందు ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, ఎంత ముందిస్తే అంత మేలు. అంతకంటే ముందు స్కాన్ తీసి అది రక్తస్రావం కాదని తేల్చుకోవాలి. నాలుగున్నర గంటలంటే చాలా సమయం అనిపిస్తుంది. ఆరోజు అది ఎలా కరిగిపోయిందో చెప్తాను. నిద్రలేచినప్పటి నుంచే ఆవిడ నీరసంగా ఉన్నారని మేం ముప్పావుగంట ఊరుకున్నాం. అంబులెన్సు రావడానికి యాభై నిమిషాలు పట్టింది. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే స్కానర్ ఉంది కానీ ఆ రోజు దాన్ని నడిపే మనిషి లేరు. అక్కణ్ణుంచి పెద్ద ఆసుపత్రికి ఇంకో గంటన్నర. మందు పడేసరికి నాలుగు గంటల పది నిమిషాలు. అత్తయ్య బతికారు, నడుస్తున్నారు, మాట మాత్రం పూర్తిగా రాలేదు. నేరుగా పెద్ద ఆసుపత్రికే పోనిస్తే గంట కలిసొచ్చేది. ఆ సంగతి మాకు ముందే తెలిసి ఉండాల్సింది.

మ్యాపులో ఆసుపత్రి ఎంత దూరంలో ఉందో చూసుకుని తృప్తిపడొద్దు. రాత్రిపూట స్కాన్ తీస్తారా, ప్రసవానికి మత్తుమందు డాక్టరు ఉంటారా, అంబులెన్సు ఏ ఊరి నుంచి బయల్దేరుతుంది? ఇవి ఫోన్ చేసి అడగండి. వానాకాలంలో ఆ దారి మునుగుతుందేమో ఊళ్ళోవాళ్ళని అడగండి. గుండె ఆగిపోతే ఛాతీ నొక్కడంగానీ షాక్ ఇవ్వడంగానీ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గుతుంది. ఇంత దూరంలో అంబులెన్సు వచ్చేదాకా ఆ మనిషిని నిలబెట్టేది పక్కింటివాళ్ళే. అత్తయ్య సంగతి తర్వాత మా వీధిలో పదకొండు మందిమి ఛాతీ నొక్కడం నేర్చుకున్నాం. ఇంట్లో పెద్దవాళ్ళకి గుండెజబ్బో, వారానికి మూడుసార్లు డయాలసిస్సో ఉంటే మాత్రం నా సలహా ఒక్కటే: రావద్దు.

చిన్నపిల్లలున్నవాళ్ళకి ఇంకో మాట. మునిగిపోయే పిల్లలు కేకలు వేయరు, చేతులూ ఊపరు. నోరు నీళ్ళకింద ఉంటే అరుపెలా వస్తుంది? మా అబ్బాయికి అప్పుడు నాలుగేళ్ళు. నీటివైపు కంచె, తనంతట తాను తీయలేని గేటు పెట్టేదాకా మేం ఆ ఇంట్లో రాత్రి పడుకోలేదు. దృశ్యం పాడవుతుందని కొందరన్నారు. పాడయింది. అయినా ఉంచాం, వాడు ఈత బాగా నేర్చాకే తీశాం.

ఊళ్ళో మనుషులు మంచివాళ్ళేనా అని చాలామంది అడుగుతారు. మంచివాళ్ళే. మీరెప్పుడు బయటికెళ్ళారో, ఎవరొచ్చి వెళ్ళారో వాళ్ళకి తెలుస్తుంది, అలా తెలియడం వల్లే జ్వరంతో మూడురోజులు తలుపు తీయకపోతే వచ్చి తడతారు. ఒకటి లేకుండా రెండోది రాదు. పర్యాటకులు వెళ్ళిపోయాక సగం ఇళ్ళు చీకటిగా ఉంటాయి, దుకాణాలు ముందే మూసేస్తారు. ఆ నాలుగు నెలలు మా ఆయనకి చాలా కష్టమయ్యాయి, రెండో ఏడాది తిరిగి వెళ్ళిపోదామని కూడా అన్నారు. ఆయన్ని నిలబెట్టింది పక్కవీధి వడ్రంగి దగ్గర పడవలు బాగుచేయడం నేర్చుకోవడం. చేతికి పని లేకుండా, కేవలం కిటికీలోంచి చూడ్డానికి వచ్చినవాళ్ళు రెండేళ్ళకంటే ఎక్కువ నిలవడం నేను చూడలేదు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఇంటర్నెట్టు, కరెంటు ఆ ఇంట్లోనే, సాయంత్రం అందరూ వాడేవేళ పరీక్షించుకోండి. పక్కింట్లో బాగుందంటే సరిపోదు.

మరి ఇన్నేళ్ళు ఎందుకున్నామంటే, మధ్యాహ్నం నేల వేడెక్కాక నీటి మీద నుంచి చల్లగాలి మొదలయ్యే క్షణం ఒకటుంటుంది. చెట్ల ఆకులు ఒడ్డు నుంచి లోపలికి వరసగా కదులుతూ వస్తాయి. దానికోసం నేను రోజూ పని ఆపుతాను. అబ్బాయి బడిలో నేర్చుకుని నాలుగు పావు భాగాలకీ తెలుపూ నలుపూ మార్చి మార్చి రంగు వేసిన ఓ రేకుబిళ్ళని తాడుకి కట్టాడు. 1865లో సెక్కీ అనే ఇటలీ మతగురువు సముద్రంలో ఇలాంటి తెల్లటి పళ్ళెం దించి నీళ్ళ తేటదనం చూశాడట. బిళ్ళ కనపడకుండా పోయే లోతుని నెలకోసారి కొలిచి గోడమీద రాస్తున్నాం. కొలిచిన మొదటి ఏడాది ఎండాకాలం చివర్లో ఎనభై సెంటీమీటర్లు. మా వీధివాళ్ళం ఎరువులు మానేశాం, ట్యాంకులు తోడించుకున్నాం, ఒడ్డున గడ్డి కోయకుండా తుంగని పెరగనిచ్చాం. పోయిన ఏడాది అదే నెలలో మీటరూ అరవై. సియాటిల్ పక్కన వాషింగ్టన్ సరస్సులోకి మురుగునీరు రాకుండా 1960లలో మళ్ళించాక నీళ్ళు ఎంతో తేటపడ్డాయని చదివాను. అది నమ్మడానికి నాకిప్పుడు మా గోడ చాలు.

వెళ్దామా అని అడిగితే, సరస్సు చెడుగా ఉండే నెలలో రెండు వారాలు, ఊరు ఖాళీ అయ్యే నెలల్లో ఓ నెల, ముందు అద్దెకుండి చూడమంటాను. ఇల్లు అమ్మాలంటే ఇక్కడ చాలాకాలం పడుతుంది కాబట్టి, ఏడాదంతా అద్దెకి ఉండగలిగితే ఇంకా మంచిది. చెట్ల మొదళ్ళ మీద పాత నీటిగుర్తులుంటాయి, అవి మీ మోకాలి ఎత్తున కనపడ్డ స్థలంలో కొనొద్దు. మళ్ళీ మొదట్నుంచి చేసే వీలుంటే మేం ఈ ఊరికే వస్తాం, ఈ ఇంటికి మాత్రం రాం. మూడొందల అడుగులు వెనక్కి, గుట్ట మీద ఓ పాత ఇల్లు ఉంది. అక్కణ్ణుంచి నీళ్ళు సగమే కనపడతాయి. అది అమ్మకానికి వస్తే చెప్పమని ఎదురింటి పెద్దాయనకి చెప్పి ఉంచాం.