ఫెరెట్ రకాన్ని తేల్చడానికి ఏది మేలు: టరెట్టా, చక్రాలా?

బ్రిటిష్ సైన్యం వాడిన నాలుగు చక్రాల కవచ వాహనాల్లో రకం పోల్చుకోవడానికి బాగా తికమక పెట్టేది ఫెరెట్ స్కౌట్ కారు. కోవెంట్రీలోని డైమ్లర్ సంస్థ 1952 నుంచి 1971 దాకా వీటిని నాలుగు వేలకు పైగా తయారు చేసింది. మార్క్ 1 నుంచి మార్క్ 5 వరకు రకాలతో, వాటిలో మళ్లీ 2/3, 2/6 వంటి ఉపరకాలతో, ఇది పెద్ద కుటుంబం.

ఫొటో చేతికి రాగానే అందరి చూపూ టరెట్ మీదే, అంటే బండి పైన తుపాకీతో తిరిగే కవచపు గూడు మీదే పడుతుంది. తొలి వడపోతకు అది చాలు. పైభాగం తెరిచి ఉంటే సాధారణంగా మార్క్ 1; ఒక్క మనిషి పట్టే టరెట్‌లో బ్రౌనింగ్ మెషిన్ గన్ ఉంటే మార్క్ 2; ఆ టరెట్‌కు ఇరుపక్కలా ఒక్కొక్క విజిలెంట్ క్షిపణి పెట్టె ఉంటే మార్క్ 2/6; వెడల్పుగా, అణిగినట్టున్న టరెట్‌లో స్వింగ్‌ఫైర్ క్షిపణులుంటే మార్క్ 5. అయితే విజిలెంట్‌ను సేవ నుంచి తప్పించాక 2/6 బండ్ల నుంచి ఆ క్షిపణి పరికరాలను తీసేసి, వాటికి 2/7 అని పేరు పెట్టారు. అలా మారిన బండి పైకి అచ్చం మార్క్ 2/3 లాగే కనిపిస్తుంది. టరెట్‌నే నమ్ముకున్నవారు పొరబడేది ఇక్కడే.

అందుకే నా ఓటు చక్రాలకు, వాటి చుట్టూ ఉన్న ఒడలికి. మార్క్ 4లో సస్పెన్షన్‌ను బలపరిచి, పాత 9.00×16 టైర్ల స్థానంలో 11.00×20 టైర్లు వేశారు, నీటిలో తేలడానికి ఒడలి చుట్టూ మడత తెర అమర్చారు. టరెట్ ఒకటే అయినా, టైరు పక్కన అచ్చయిన కొలత చదవగలిగితే మార్క్ 2, మార్క్ 4ల మధ్య సందేహం అక్కడికక్కడే తీరుతుంది. కొలత కనిపించకపోయినా, ఒడలి ఎత్తుతో పోల్చినప్పుడు చక్రం ఎంత పెద్దదో కంటికే తెలుస్తుంది.

2/3, 2/7ల చిక్కు మాత్రం చక్రాలతోనూ తీరదు, ఎందుకంటే రెండింటికీ ఉన్నవి ఒకే చక్రాలు. అక్కడ సైనిక రిజిస్ట్రేషన్ నంబరు అక్కరకొస్తుంది. రెండంకెలు, రెండక్షరాలు, మళ్లీ రెండంకెలుగా ఉండే ఆ నంబరు బండిలో మార్పులు చేసినా మారదు కాబట్టి, దాన్ని పట్టుకుని పాత రికార్డులు వెతకవచ్చు. సేకరణదారులు బండికి కొత్తగా రంగు వేసేటప్పుడు నచ్చిన నంబరు రాయించుకునే వీలుంది కనుక, బండి దగ్గరికి వెళ్లగలిగినవారు దానికి బిగించిన లోహపు ఫలకంతో సరిచూసుకోవాలి. ఫొటో తప్ప మరేదీ లేనివారు “మార్క్ 2/3 లేదా 2/7” అని రాయడమే సరైన పద్ధతి.