వేడినీళ్లకు పెల్లెట్ బాయిలరా, సోలారా, గీజరా: గుంటూరు ఇంటికి ఏది మేలు?

గుంటూరులో కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న మా బావగారు వేడినీళ్లకు పెల్లెట్ బాయిలర్, అంటే పొట్టును అదిమి చేసిన గుళికలను కాల్చి నీళ్లు కాచే యంత్రం, పెట్టిద్దామా అని అడుగుతున్నారు. చుట్టుపక్కల పత్తి కట్టెకు, మిరప కట్టెకు, ఊకకు కొదవ లేదు, వాటితో చేసిన గుళికలు చవకగా వస్తాయి కదా అన్నది ఆయన వాదన. ఇంధనం వరకు ఆ మాట కాదనలేను. అయితే ముందు తేల్చుకోవలసింది మనకు వేడినీళ్లు ఎన్ని కావాలి, ఏడాదిలో ఎన్నాళ్లు కావాలి అన్నది.

నలుగురున్న ఇంట్లో స్నానాలకు 100 లీటర్ల గోరువెచ్చని నీళ్లు చాలు. మన దగ్గర చలికాలంలో కూడా ట్యాంకు నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటాయి. వాటిని 40 డిగ్రీలకు తేవడానికి 1,500 కిలో కేలరీలు కావాలి. యూనిట్ కరెంటు 860 కిలో కేలరీలు ఇస్తుంది కాబట్టి, వృథా కూడా కలుపుకుంటే రోజుకు రెండు యూనిట్లు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్లాబుల ప్రకారం నెలకు 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, ఆ పైన 400 దాకా 8.75. గీజర్ వాడే నెలల్లో ఏసీలు ఆగి ఉంటాయి కనుక చాలా ఇళ్లు 6 రూపాయల దగ్గరే ఉంటాయి. అంటే రోజుకు 12 రూపాయలు, మూడు నెలల చలికి సర్దుబాటు చార్జీలు కాక సుమారు 1,100. వేరే ఏ యంత్రం పెట్టినా, చలికాలపు స్నానాల మీద ఏడాదికి అంతకన్నా ఎక్కువ మిగలదు.

ఆస్ట్రియా, జర్మనీలలో పెల్లెట్ బాయిలర్‌కు ఆదరణ ఉండటానికి కారణం వేరు. అక్కడ అది నెలల తరబడి ఇంటిని వెచ్చగా ఉంచుతుంది, స్నానపు నీళ్లు ఆ పనిలో పనిగా కాగుతాయి. వేసవిలో నీళ్ల కోసమే దాన్ని వెలిగించడం దండగని అక్కడ చాలామంది సోలార్ కూడా పెట్టించుకుంటారు. మనకైతే ఏడాదంతా వాళ్ల వేసవే.

పైగా దాని చాకిరీ తక్కువేమీ కాదు. మంచి చెక్కపొట్టు గుళికల్లో బూడిద నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఊకలో 15 నుంచి 20 పాళ్లు ఉంటుంది. పంట కట్టెల్లో పొటాషియం ఎక్కువ కాబట్టి ఆ బూడిద తక్కువ వేడికే కరిగి, మంట గిన్నె అడుగున నల్లటి గాజు పెళ్లలా గట్టిపడుతుంది. చల్లారాక ఇనుప చువ్వతో పొడిచి తీస్తే తప్ప గాలి రంధ్రాలు తెరుచుకోవు. గాలి అందకపోతే పొగ, పొగ పెరిగితే గొట్టాల లోపల మసి, మసి పేరుకుంటే ఎంత కాల్చినా నీళ్లు వేడెక్కవు. బూడిద తట్ట తరచూ ఖాళీ చేయాలి, గొట్టాలకు బ్రష్ వేయాలి, ఏడాదికి ఒకసారైనా చిమ్నీ దులిపించాలి. ఇక మన వానాకాలం సంగతి. తేమ తగిలిన గుళిక ఉబ్బి, వేళ్ల మధ్య నలిపితే పొట్టుగా రాలిపోతుంది. ఆ పొట్టు గుళికలను లాగే మరను పట్టేస్తుంది. ఇన్ని పడీ రోజుకొకసారి వెలిగించి ఆర్పితే, ఇంధనంలో మంచి భాగం ఆ ఇనుమును వేడి చేయడానికే పోతుంది.

ఏడాది పొడవునా వేడినీళ్లు కావలసిన పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉండి, మేడ సొంతమైతే నా ఓటు సోలార్‌కే. బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట రాగి గొట్టాల ప్యానెల్ జోలికి వెళ్లవద్దు, సన్నని గొట్టాలు సున్నంతో పూడుకుపోతాయి. గాజు గొట్టాల రకం నయం. దానికీ అడుగున గార పడుతుంది కానీ గొట్టం విప్పి కడగవచ్చు. తుపాను ముసురు పట్టిన రోజులకు మాత్రం వేరే ఏర్పాటు ఉండాలి. అపార్ట్‌మెంటు అయితే మేడ మీద చోటు గురించి ముందే అందరితో మాట్లాడుకోవాలి.

గ్యాస్ గీజర్ ఖర్చులో కరెంటుకు దగ్గరగానే ఉంటుంది. దాన్ని స్నానాల గది లోపల బిగించడం ప్రాణాంతకం, గ్యాస్ మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. బయట గోడకు బిగించే వీలు లేకపోతే ఆ ఆలోచనే మానుకోండి.

బావగారిది నలుగురి కుటుంబం, చలికాలంలో తప్ప వేడినీళ్లు అడగరు. ఆయనకు స్టార్ రేటింగ్ బాగున్న 15 లీటర్ల గీజర్ చాలు. థర్మోస్టాట్ 55 దాటనివ్వకూడదు, 60 పైన సున్నం వేగంగా పేరుకుంటుంది. ఏటా చలికి ముందు మెకానిక్‌ను పిలిచి, కరెంటు ఆపించి కాయిల్ బయటకు తీయిస్తే తెల్లటి పెచ్చులు కనిపిస్తాయి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే అవి ఊడి వస్తాయి. అప్పుడే మెగ్నీషియం కడ్డీని కూడా చూడాలి, అరిగిపోయి ఉంటే మార్పించాలి. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పును తానే భరించేది ఆ కడ్డీ.

ఆ గుళికల బాయిలర్ అక్కరకొచ్చేది రెండు వందల మంది పిల్లలుండే హాస్టలుకు. అక్కడ మంట ఒక్కసారి అందుకుంటే గంటల తరబడి ఆగదు, బూడిద తీసే మనిషికి జీతం కూడా గిట్టుబాటవుతుంది.