సూర్యకాంతం పేరెక్కడ? పాత సినిమాల ఓటీటీ మీద నా సమీక్ష

చిన్నప్పుడూ ఆ తరువాతా చూసిన సినిమాలను ఈ వయసులో మళ్ళీ చూడాలన్న ఒక్క కోరికతో ఈ ఓటీటీకి చందా కట్టాను. నాకిప్పుడు యాభై రెండేళ్ళు. ఇందులో కొత్త సినిమాలు, సిరీస్‌లు ఎలా ఉన్నాయో చెప్పలేను, వాటి జోలికి పోలేదు. పాత తెలుగు సినిమాల వరకు చెప్తాను. కావలసినవి చాలావరకు దొరికాయి. బొమ్మ శుభ్రంగా ఉంది, డైలాగుల్లో ప్రతి అక్షరమూ వినిపిస్తోంది. ఆ మేరకు కట్టిన డబ్బుకు న్యాయం జరిగింది. కానీ చూసిన సినిమానే మనిషి మళ్ళీ ఎందుకు చూస్తాడన్న ఆలోచన మాత్రం దీన్ని తయారుచేసినవాళ్ళకు వచ్చినట్టు లేదు.

ముందుగా 'గుండమ్మ కథ' పెట్టాను. 1962 నాటిది. చిన్నప్పుడు అందులో నా మనుషులు సావిత్రి, ఎన్టీఆర్. సవతి కూతురు లక్ష్మి (సావిత్రి) చేత చాకిరీ చేయించే గుండమ్మను చూస్తే ఒళ్ళు మండేది. ఛాయాదేవి వేసిన దుర్గ వచ్చి గుండమ్మ మీదే పెత్తనం చేస్తుంటే, తగిన శాస్తి జరిగిందని చప్పట్లు కొట్టేదాన్ని. ఇప్పుడు చూస్తే నా కళ్ళు గుండమ్మను వదిలి పోలేదు. భర్త లేడు. పిల్లలు ఎదిగారు. చెవిలో చేరి ఏదో ఒకటి నూరిపోసే ఘంటయ్య ఒకడు. ఇల్లూ ఆస్తీ కాపాడుకోవడానికి ఆమెకున్నది నోరొక్కటే. లక్ష్మికి చేసింది అన్యాయమే, అందులో ఇప్పటికీ నాకు రెండో మాట లేదు. కానీ సొంత కూతురు సరోజను అంత గారాబం చేయడంలో, ఈ పిల్ల కూడా నాది కాకుండా పోతే ఎలా అన్న బెంగ కనిపించింది. దుర్గ చేతిలో ఆమె పడే పాట్లు చూస్తూ ఈసారి నవ్వలేకపోయాను. ఆమెను ఆదుకోవడానికి లక్ష్మే రావడం దగ్గర చాలాసేపు ఆగిపోయాను, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను.

ఇక నటి సంగతి. గుండమ్మగా వేసిన సూర్యకాంతం 1924 అక్టోబరులో పుట్టారు. గుండమ్మ తెర మీదికి వచ్చేనాటికి ఆమెకు ముప్పై ఏడేళ్ళు. ఆమెకు అల్లుడిగా వేసిన ఎన్టీఆర్ ఆమెకన్నా ఏడాది పెద్ద. ఎన్టీఆర్‌కు తండ్రిగా వేసిన ఎస్వీ రంగారావు ఆయనకన్నా ఐదేళ్ళే పెద్ద. సూర్యకాంతం, రంగారావు ఇద్దరూ పుట్టుకతోనే పెద్దవాళ్ళన్నట్టు నమ్మించారు మమ్మల్ని. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నదైన మనిషి, ఆ ఎడమచేతి విసురుతో, గొంతులో ఆ ఎత్తుపల్లాలతో, తనకన్నా పెద్దవాడిని ఇంటి పనివాడిలా అదిలిస్తోంది! ఆమె గయ్యాళితనాన్ని జనం ఎంతగా నమ్మారంటే, ఆడపిల్లలకు సూర్యకాంతమని పేరు పెట్టడానికి వెనకాడేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంత గొప్ప పనితనానికి అలాంటి ఫలితం దక్కడం నాకు బాధగా ఉంది.

ఇప్పుడు ఈ ఓటీటీ చేసిన పని చూడండి. తారాగణమని రాసినచోట ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున. అంతటితో సరి. సినిమా ఎవరి పేరు మీద నడుస్తోందో ఆ పాత్ర వేసిన మనిషి పేరే లేదు. అది చాలదన్నట్టు, మొదలవగానే టైటిల్స్ దాటవేయమంటూ ఒక బటన్ వస్తుంది. ఈ సినిమాకు టైటిల్సే ఒక ముచ్చట: ముఖ్య నటుల పేర్లు వేయకుండా ఫొటోలు చూపించారు. దయచేసి ఆ బటన్ నొక్కకండి.

సూర్యకాంతం వేసిన మిగతా సినిమాలు చూద్దామని పేరు తెలుగులో కొట్టి వెతికితే ఏమీ రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కొన్ని వచ్చాయి. తెలుగు సినిమాల కోసం చందా తీసుకుంటూ తెలుగులో వెతకనివ్వకపోవడం నాకు మింగుడుపడలేదు. పైగా 'గుండమ్మ కథ'ను కామెడీ అనే పెట్టెలో పడేసి, అది పూర్తవగానే వరసగా కామెడీలే చూపించింది. నేను చూసింది మరో సినిమా అని దానికి ఎలా చెప్పాలి? నచ్చింది, నచ్చలేదు అన్న రెండు బొమ్మల్లో ఆ మాట పట్టదు.

'మిస్సమ్మ' (1955) ప్రింటు చాలా బాగుంది, కానీ వెడల్పు టీవీకి సరిపెట్టడానికి పైనా కిందా కోసేశారు. ఆ రోజుల బొమ్మ దాదాపు చదరంగా ఉండేది. దాన్ని అలాగే చూపించి పక్కల నలుపు వదిలేస్తే ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ నిలబడ్డవాళ్ళ తలలు తెగిపోయాయి. చిన్నప్పుడు ఇందులో అక్కినేని డిటెక్టివ్ వేషాలే చూశాను. ఆయన వెతుకుతున్నది ఒక అమ్మానాన్నల తప్పిపోయిన కూతురినన్నది పిల్లల తల్లినయ్యాక గానీ నాకు తగల్లేదు. ఆ పిల్ల పేరు మీద బడి పెట్టుకుని రోజులు వెళ్ళదీసే జమీందారు తండ్రిగా వేసింది రంగారావు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఆరు.

'బొమ్మరిల్లు' మా అమ్మాయితో కలిసి చూశాను. 2006లో సిద్ధార్థ్ తండ్రిని నిలదీసే సన్నివేశంలో నేను కొడుకు ముఖమే చూస్తూ ఏడ్చాను. ఈసారి ప్రకాశ్‌రాజ్ ముఖమే చూశాను. ఆయనకప్పుడు నలభై ఒకటి, కొడుకుగా వేసినతనికన్నా పద్నాలుగేళ్ళే పెద్ద. కొడుకు ఒక్కో మాట అంటుంటే, పిల్లలకు అన్నీ ఇచ్చాననుకున్న మనిషి లోపల ఏం కూలుతోందో ఆ కళ్ళలో ఉంది. మా అమ్మాయి తప్పకుండా కొడుకు పక్షమే అనుకున్నాను. అది మాత్రం, "అమ్మా, నాకు ఆ ఇంటి తల్లి జయసుధ గురించి ఇంకా తెలుసుకోవాలని ఉంది. ఆవిడకేం కావాలో ఎవరైనా అడిగితే బాగుండేది" అంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల! నాకా వయసులో తట్టని మాట. పెద్దవాళ్ళమైతేనే పాత్రలు అర్థమవుతాయని కూడా అనలేం.

ఒకే ఇంట్లో ఎవరి ప్రొఫైల్ వారికి పెట్టుకునే వీలుండటం ఈ ఓటీటీలో నాకు నచ్చింది. ఆగినచోటి నుంచి సరిగ్గా మొదలవుతుంది, అదీ బాగుంది. చూడటం పూర్తయిన సినిమా మాత్రం నా జాబితాలోంచి దానంతటదే మాయమవుతోంది. నాలాంటివాళ్ళకు అది ఉండాలి, నేను మళ్ళీ వస్తాను కదా.

పాత సినిమాల మీద ప్రేమ ఉన్నవాళ్ళు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. తారాగణం పూర్తిగా రాసి, పక్కన సినిమా విడుదలైన ఏడూ, నటులు పుట్టిన ఏడూ వేస్తే నాలుగో నక్షత్రం ఇస్తాను. ఫ్రేము కోయకుండా ఉంచితే ఐదోది కూడా. చందా పొడిగించాను. తరువాత 'సాగర సంగమం' పెట్టాలని ఉంది. వయసు మళ్ళిన బాలుగా కనిపించే కమల్‌హాసన్‌కు 1983లో ఇరవై ఎనిమిదేళ్ళు. తనకు పెళ్ళయిన సంగతి ముందే చెప్పలేదని అప్పట్లో నాకు జయప్రద మీద పట్టరాని కోపం. ఈసారి ఆమె వైపు నుంచి చూస్తాను.