డీవీడీలున్న ఇంటికి ఏ టీవీ, ఏ ప్లేయర్: ఎల్‌జీ సీ3, సోనీ ఎక్స్700 పరిశీలన

ఇంట్లో సినిమాలు చూడటం కోసమే టీవీ కొనదలచుకున్నవారు అంగడికి వెళ్లే ముందు తమ బీరువాలో ఏ డిస్కులున్నాయో ఒకసారి తీసి చూసుకోవాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సినిమా అభిమానం ఉన్న ఇళ్లలో నేను చూసినంతవరకు ఇప్పటికీ మిగిలి ఉన్నవి ఎక్కువగా డీవీడీలు, అంతకు ముందు కాలపు వీసీడీలు. తెలుగు చిత్రాల్లో డీవీడీ కంటే స్పష్టమైన బ్లూరే డిస్కుగా వచ్చినవి కొద్ది, అంతకంటే స్పష్టమైన ఫోర్‌కే బ్లూరేగా దొరికేవి మరీ అరుదు. మన దేశపు టీవీ ప్రమాణమైన పాల్ పద్ధతి డీవీడీలో బొమ్మకు 720×576 పిక్సెళ్లు (చుక్కలు) ఉంటాయి, అమెరికా ప్రమాణమైన ఎన్‌టీఎస్‌సీలో 720×480, వీసీడీలో పాల్ అయినా 352×288 మాత్రమే. ఈనాటి ఫోర్‌కే తెరకు 3840×2160 కావాలి. అంటే పాల్ డీవీడీ వేసినప్పుడు తెర మీది ప్రతి ఇరవై పిక్సెళ్లకు డిస్కులో ఉన్నది ఒక్కటే, మిగిలిన పందొమ్మిదీ యంత్రం లెక్కగట్టి పూరించేవి. ఆ పూరింపు నేర్పుగా జరిగితే పాత సినిమా కంటికి హాయిగా ఉంటుంది. మోటుగా జరిగితే నటుల ముఖాలు మైనం పూసినట్టు కనబడతాయి.

కావలిలోని మా ఇంటికి ఎల్‌జీ ఓఎల్ఈడీ సీ3 రకంలో 55 అంగుళాల టీవీని, దానికి జతగా సోనీ యూబీపీ-ఎక్స్700 ప్లేయర్‌ను ఎంచుకోవడానికి ఈ లెక్కే కారణం. సీ3 అనేది 2023 నాటి మోడల్, ఆ తర్వాత సీ4, సీ5 కూడా వచ్చాయి. ఇక్కడ చెప్పే విషయాల్లో చాలా భాగం వాటికీ వర్తిస్తాయి.

పరిమాణం దగ్గర చాలామంది తొందరపడతారు. తెర మూల నుంచి మూలకు ఉన్న కొలతకు 1.2 నుంచి 1.6 రెట్ల దూరంలో కూర్చుంటే సినిమాకు బాగుంటుందన్నది సాధారణంగా చెప్పే కొలమానం. 55 అంగుళాలకు అది సుమారు ఐదున్నర అడుగుల నుంచి ఏడుంపావు అడుగుల దాకా వస్తుంది. ఆ కొలత మంచి నాణ్యత గల బ్లూరేకు సరిపోతుంది గానీ డీవీడీకి ఇంకొంచెం దూరం జరగాలి. మా హాల్లో సోఫా ఎనిమిది అడుగుల దూరంలో ఉండటం అందుకు అనుకూలించింది. 2019లో సూళ్లూరుపేటలో వంద అడుగులకు పైబడిన తెరతో తెరిచిన థియేటర్‌లో సినిమా చూసి వచ్చినవారికి 55 అంగుళాలు చిన్నవిగా తోచడం సహజమే, అయినా డీవీడీలే ఎక్కువగా చూసే ఇంట్లో 65కు వెళ్లడాన్ని నేను సమర్థించను, ఎందుకంటే తెర పెరిగేకొద్దీ డిస్కులోని లోపాలు కూడా పెరిగి కనిపిస్తాయి.

నెల్లూరు ట్రంకు రోడ్డు మీది షోరూముల్లోనైనా, ఒంగోలు షోరూముల్లోనైనా టీవీలన్నీ రంగులు, వెలుగు అతిగా పెంచే వివిడ్ మోడ్‌లో, ట్యూబులైట్ల వెలుతురులో, కంపెనీ ఇచ్చిన పూల బొమ్మలు, చేపల బొమ్మలతో ఆడుతుంటాయి. ఆ వెలుతురులో ఆ బొమ్మలతో సినిమాకు పనికొచ్చే టీవీని గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. తమకు బాగా తెలిసిన డీవీడీని ఒకదాన్ని, వీలైతే చీకటి సన్నివేశం ఉన్నదాన్ని, వెంట తీసుకువెళ్లి అక్కడ వేయించి చూడాలి. ఒక దుకాణంలో ప్లేయర్ తగిలించడానికి ఒప్పుకోలేదు. మేము కొన్న నెల్లూరు దుకాణంలో మాత్రం ఆ వరుసలోని లైట్లు కూడా ఆర్పి, సినిమా మోడ్‌లో పెట్టి, మూడు టీవీల మీద అదే డిస్కును ఓపికగా వేసి చూపించారు. అలాంటి దుకాణంలో నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వవచ్చునని నా అభిప్రాయం.

ఆ పోలికలో తేలింది నలుపు విషయం. మామూలు ఎల్ఈడీ టీవీలో ప్యానెల్ వెనుక దీపాలు వెలుగుతూనే ఉంటాయి కనుక నలుపు అనేది నిజానికి ముదురు బూడిదరంగు; దీపాలను విభాగాలుగా తగ్గించే లోకల్ డిమ్మింగ్ ఉన్నవాటిలో ఇది కొంత మెరుగు, అయినా దీపం ప్రక్కన, అక్షరాల చుట్టూ వెలుగు చెదురుతుంది. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెలూ తనంత తాను వెలుగుతుంది, అక్కర లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. సినిమాస్కోప్ చిత్రాలు చూసేవారికి ఈ తేడా అడుగడుగునా తెలుస్తుంది. 1.78 వెడల్పు-ఎత్తు నిష్పత్తి గల టీవీ తెర మీద 2.39 నిష్పత్తి గల బొమ్మ పడినప్పుడు తెర ఎత్తులో దాదాపు నాలుగో వంతు పైనా కిందా ఖాళీగా ఉంటుంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం వచ్చిన 1974 తర్వాతి సినిమాల్లో ఆ నిష్పత్తివి ఎన్నో ఉన్నాయి కనుక, ఆ పట్టీలు బూడిదగా మెరవకుండా గోడలో కలిసిపోవడం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. నలుపు తెలుపు చిత్రాల్లో అయితే ఈ టీవీ నిజంగా మనసు దోచుకుంటుంది. నీడల్లోని మడతలు, పట్టుచీర అంచు, వెన్నెల సన్నివేశంలోని లోతు, అన్నీ డీవీడీ నుంచే వస్తున్నాయంటే మొదట నమ్మబుద్ధి కాలేదు.

రెండో విషయం కదలిక. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీసినది. సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే 60 హెర్ట్జ్ ప్యానెల్ మీద దాన్ని సమంగా పంచడం కుదరదు కాబట్టి ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు చూపిస్తారు. కెమెరా నెమ్మదిగా వరిపొలాల మీదుగా సాగే చోట చిన్న కుదుపు కనబడటానికి కారణం అదే. సీ3 ప్యానెల్ 120 హెర్ట్జ్ కనుక 24 ఫ్రేముల బ్లూరేలో ప్రతి ఫ్రేమునూ సరిగ్గా ఐదుసార్లు చూపగలదు. ఇక ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అనే పేర్లతో వచ్చే సదుపాయం లేని ఫ్రేములను కల్పించి మధ్యలో చేరుస్తుంది, దానితో సినిమా కాస్తా సీరియల్‌లా మారిపోతుంది; కొన్న రోజే ఆపేయవలసినది ఇది. 2019లో ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ ఈ టీవీలో ఉంది, అది ఎంచుకుంటే ఈ కల్పనలూ, అదనపు పదును కూడా ఒక్కసారిగా పోయి, బొమ్మ అసలు నిష్పత్తి నిలుస్తుంది. నాలుగైదు మెనూల్లో తిరిగే ఓపిక లేనివారు కనీసం ఈ ఒక్క మార్పు చేసుకోవాలి.

ప్లేయర్ సంగతికి వస్తే, సోనీ ఎక్స్700 డీవీడీ, బ్లూరే, ఫోర్‌కే బ్లూరే మూడూ ఆడుతుంది. డీవీడీని ఫోర్‌కేకు పెంచే పనిని ఈ ప్లేయర్ శుభ్రంగా చేస్తుంది. ఇంటర్లేస్ పద్ధతిలో, అంటే బొమ్మను సరి, బేసి వరుసలుగా విడదీసి ఎక్కించిన డిస్కుల్లో చేయి ఊపినప్పుడు కనబడే దువ్వెన పళ్ల వంటి గీతలు మా పాత ప్లేయర్‌తో పోలిస్తే చాలా తగ్గాయి. లోపాలు లేకపోలేదు. ముందుభాగంలో డిస్‌ప్లే లేదు, ఎంతసేపు ఆడిందో తెలుసుకోవాలంటే తెర మీదే చూసుకోవాలి. వెలుగునీడల తేడాను మరింత బాగా చూపే డాల్బీ విజన్ డిస్కు వేసినప్పుడు మెనూలోకి వెళ్లి ఆ సదుపాయాన్ని మనమే పెట్టుకోవాలి, మామూలు డిస్కుకు మళ్లీ మనమే తీసేయాలి. ఈ ధరలో ఇది చిరాకు కలిగించే విషయమే.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు కనుక రీజియన్ గురించి, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో నిర్ణయించే గుర్తు గురించి ఇక్కడ చెప్పక తప్పదు. డీవీడీలకు మన దేశం రీజియన్ 5, అమెరికా రీజియన్ 1; బ్లూరేలకు మనది సీ, వారిది ఏ. అక్కడి నుంచి ప్రేమగా తెచ్చిన డిస్కును ఇక్కడి ప్లేయర్ నిరాకరించే అవకాశం ఉంది. ఫోర్‌కే బ్లూరేకు మాత్రం రీజియన్ బంధం లేదు, ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడుతుంది. పిల్లలను డిస్కులు తెమ్మని చెప్పేవారు ఈ భేదం ముందే చెప్పి పంపితే డబ్బు వృథా కాదు. వీసీడీలున్నవారు మాత్రం కొత్త ప్లేయర్ పెట్టె మీద వీసీడీ అని రాసి ఉందో లేదో చూడాలి. హెచ్‌డీఎంఐ ఉన్న పాత డీవీడీ ప్లేయర్‌ను పారేయకుండా రెండో పోర్టుకు తగిలించుకోవడం అన్నిటికంటే నిశ్చింత. సీ3కి నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్నాయి.

పాటల మీద మమకారం ఉన్నవారికి మరో సూక్ష్మం ఉంది. పాల్ డిస్కులో 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేములుగా నడిపిస్తారు కాబట్టి అది సుమారు 4 శాతం వేగంగా సాగుతుంది. మూడు గంటల చిత్రం 173 నిమిషాల్లో ముగుస్తుంది, సరిదిద్దకపోతే శ్రుతి కూడా అర మెట్టుకు కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. బాలు గారి గొంతు వింటూ పెరిగిన నెల్లూరు చెవికి ఆ తేడా వెంటనే పట్టుబడుతుంది. ఒకే చిత్రం రెండు పద్ధతుల్లోనూ దొరికితే, బొమ్మలో పిక్సెళ్లు తక్కువైనా, పాటల కోసం నేను ఎన్‌టీఎస్‌సీ డిస్కునే ఎంచుకుంటాను.

టీవీలోని స్పీకర్లు మాటలకు చాలు, పాటలకు చాలవు. ఎక్స్700లో శబ్దానికి విడిగా రెండో హెచ్‌డీఎంఐ ఉండటం వల్ల ఫోర్‌కే తెలియని పాత హోమ్ థియేటర్‌నూ నేరుగా తగిలించుకోవచ్చు. ఆప్టికల్ తీగ డీవీడీ శబ్దానికి సరిపోతుంది గానీ బ్లూరేలోని నష్టం లేని డీటీఎస్-హెచ్‌డీ శబ్దాన్ని మోయలేదు.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి, వేసవి ఉక్క, హెచ్చుతగ్గుల కరెంటు ఈ యంత్రాలకు పరీక్షలే. ప్లేయర్‌ను అద్దాల అరలో మూసిపెట్టకుండా చుట్టూ గాలి ఆడేలా ఉంచాలి, స్టెబిలైజర్ తప్పనిసరి. పట్టపగలు కిటికీల వెలుగు నేరుగా పడే హాలుకు ఓఎల్ఈడీ తగదు, మందపాటి కర్టెన్లు వేసుకోగలిగితేనే కొనాలి. అడుగున అక్షరాలు పరుగెత్తే వార్తా చానళ్లను రోజంతా పెట్టే అలవాటున్న ఇంట్లో ఆ పట్టీ గుర్తులు తెర మీద శాశ్వతంగా నిలిచిపోయే ప్రమాదం కూడా ఉంది. వార్తలకు పాత ఎల్ఈడీ టీవీని మరో గదిలో ఉంచుకోవడం మేలు.

ఓటీటీ ఉండగా డిస్కులెందుకని అడిగేవారికి చెప్పవలసిన మాట ఉంది. ఒప్పందం గడువు తీరగానే సినిమా అక్కడి నుంచి మాయమవుతుంది; 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి వంటి రోజుల్లో నెట్ ఉంటుందన్న నమ్మకం లేదు, ఇన్వర్టర్ ఉంటే డిస్కు మాత్రం ఆడుతుంది. నాణ్యతలోనూ ఫోర్‌కే బ్లూరే సెకనుకు 128 మెగాబిట్ల దాకా అందుకోగలదు, ఓటీటీలో సాధారణంగా అందేది 15 నుంచి 25 మాత్రమే.

అయితే ప్లేయర్ల తయారీ తగ్గిపోతోంది. ఒప్పో 2018లో విరమించుకుంది, శామ్‌సంగ్ 2019లో కొత్తవి తేవడం మానుకుంది, ఎల్‌జీ 2024లో ఆపేసింది. కనుక డిస్కులున్నవారు టీవీని వాయిదా వేసుకున్నా ప్లేయర్‌ను ముందు కొనుక్కోవాలి. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ తగ్గింపు కనబడుతోందో లేదో చూసుకోవాలి. ఓఎల్ఈడీ ధర అందుబాటులో లేనివారు 43 లేదా 50 అంగుళాల ఎల్ఈడీలో వీఏ ప్యానెల్ ఉన్నదాన్ని అడిగి తీసుకోవాలి, ఎదురుగా కూర్చుని చూసేవారికి ఐపీఎస్ అనే మరో రకం ప్యానెల్ కంటే దానిలో నలుపు మెరుగ్గా ఉంటుంది. దానికి మామూలు ఫుల్ హెచ్‌డీ బ్లూరే ప్లేయర్ జత చేసినా డీవీడీలు చక్కగా కనబడతాయి.