రేణిగుంట రోడ్డు లేత్ షాపులో నా ఎస్టీమ్ క్రాంక్

రేణిగుంట రోడ్డు మీద తిరుపతిలోకి వస్తుంటే, టైర్ల షాపుల వెనకాల ఒక పాత రేకుల షెడ్డు ఉంది. క్రాంక్ (పిస్టన్ల పైకీ కిందకీ కదలికని తిరుగుడుగా మార్చే ఇంజన్ షాఫ్టు) గ్రైండింగ్, ఇంజన్ బ్లాక్ బోరింగ్ తప్ప ఇంకో పని ముట్టుకోరు. పోయిన ఆగస్టులో నా మారుతి ఎస్టీమ్ క్రాంక్ అక్కడ చేయించాను. ఇప్పటికి ఆరు వేల కిలోమీటర్లు తిరిగింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. ఎస్టీమ్ నాన్న కారు. 1298 సీసీ, బోర్ (సిలిండర్ వెడల్పు) 74, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 75.5 మిల్లీమీటర్లు. హెడ్, క్యామ్ పని చేయించి ఏడాదికి రెండుసార్లు ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్తాను. రెండేళ్ల కిందట వేరే ఊళ్లో క్రాంక్ గ్రైండింగ్ చేయించాను. సైజు సరిగ్గానే వచ్చింది, మైక్రోమీటర్ పెట్టి నేనే చూసుకున్నాను. నాలుగు వేల కిలోమీటర్లు తిరిగాక భాకరాపేట ఘాట్‌లో థర్డ్ గేర్‌లో ఎక్కుతుంటే కింద నుంచి ఒక దెబ్బ, అంతే. క్రాంక్ మూడో పిన్ (పిస్టన్ రాడ్ పట్టుకునే చోటు) దగ్గర రెండు ముక్కలైంది.

ఆ ముక్క ఇప్పటికీ నా దగ్గరే ఉంది. విరిగిన ముఖం మీద మూడొంతులు నున్నగా, దుంగ కోస్తే కనిపించే వలయాల్లాంటి గీతలు. మిగతా ఒక వంతు గరుగ్గా, చక్కెర పలుకుల్లా. అంటే ఒక్క రోజులో విరగలేదు. చిన్న పగులు రోజూ కొంచెం కొంచెం పాకి, చివరికి మిగిలిన ఆ కాస్త లోహం ఇంజన్ లోడు మోయలేక తెగిపోయింది. వలయాలన్నీ మొదలైంది పిన్ దాని పక్క రెక్కని, అంటే వెబ్‌ని, కలిసే మూలలో. అక్కడ వంపు ఉండాలి, దాన్ని ఫిల్లెట్ అంటారు. నా క్రాంక్‌లో అది కత్తితో కోసినట్టు నిటారుగా ఉంది. ఫ్యాక్టరీలో పంపు షాఫ్టులు ఇలాగే మెట్టు మూలలో విరగడం ఎన్నోసార్లు చూశాను. అయినా నా కారు దగ్గరికి వచ్చేసరికి ఆ మూల చూడాలని తోచలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

సీజన్ అయ్యేదాకా లీవు దొరకలేదు. జులై ఆఖర్లో చెన్నై పుదుపేటలో పాత క్రాంక్ ఒకటి కొని, దాన్ని ఈ షెడ్డుకి తెచ్చాను. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. ముందు విరిగిన ముక్క చూపించమన్నాడు. వేలి గోరు ఆ మూలలో పెట్టి గీకి, “నాయనా, సైజు అందరూ తెస్తారు, మూల ఎవరు చూస్తారు?” అన్నాడు. ఆ మాటతోనే పని ఇక్కడే అని తేల్చుకున్నాను.

మొదట పాత క్రాంక్‌ని కిరోసిన్‌తో కడిగి, ఎర్ర డై పూసి, పావుగంట ఆగి తుడిచి, తెల్ల పొడి చల్లాడు. పగులు ఉంటే లోపల దాగిన ఎరుపు వెంట్రుక గీతలా పైకి వస్తుంది. ఏమీ రాలేదు. తర్వాత గ్రైండింగ్ రాయి అంచుని డైమండ్‌తో గుండ్రంగా దిద్దాడు. ఒక పిన్ అయ్యాక రేడియస్ గేజ్ రేకుని మూలలో ఆనించి, వెనకాల టార్చ్ వేసి నన్ను పిలిచాడు. రేకుకీ ఉక్కుకీ మధ్య వెలుతురు దారం మందం కూడా లేదు. ఆయిల్ రంధ్రాల అంచులు చేత్తో గుండ్రంగా దిద్దాడు. పగులు మొదలవ్వడానికి అదీ ఒక చోటే.

ట్రాక్ దగ్గర కుర్రాళ్లు ‘ఏ క్రాంక్ గట్టిది అన్నా’ అని అడిగి, వెంటనే ‘ఫోర్జ్‌డ్’ అని వాళ్లే జవాబిచ్చేసుకుంటారు. ఫోర్జ్‌డ్ అంటే పోత పోయకుండా వేడి ఉక్కుని అచ్చులో కొట్టి చేసింది, అది మంచిదే. షెడ్డు గోడకి రెండు క్రాంక్‌లు వేలాడుతున్నాయి. పోత క్రాంక్ మీద అచ్చు గీత సన్నగా ఉంటే, ఫోర్జ్‌డ్ దాని మీద అది వెడల్పుగా, కోసి అరగదీసినట్టు ఉంది. కానీ బలం లోహం ఒక్కదాంట్లోనే లేదు. క్రాంక్ బ్లాక్‌లో ఆనే మెయిన్ జర్నల్ మందం 50 మిల్లీ, పిన్ మందం 45 మిల్లీ అనుకోండి. రెండింటి సగాలు కలిపితే 47.5. స్ట్రోక్ 75 అయితే పిన్ క్రాంక్ నడిమి గీత నుంచి 37.5 దూరం జరుగుతుంది, కాబట్టి పక్క నుంచి చూస్తే మెయిన్, పిన్ 10 మిల్లీ మేర ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ మేర ఎంత ఎక్కువైతే క్రాంక్ అంత గట్టి. అదే జర్నల్స్ ఉంచి స్ట్రోక్ 90 చేస్తే మిగిలేది 2.5 మిల్లీ. సీసీ పెంచడానికి స్ట్రోక్ ఎక్కువున్న స్ట్రోకర్ క్రాంక్ వేసేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ఆర్‌పీఎం లెక్క ఇంకా కఠినం. పిస్టన్, రాడ్లు విసిరే బలం ఇంజన్ వేగం వర్గంతో పెరుగుతుంది. 6000 నుంచి 7500కి పోతే వేగం నాలుగో వంతే పెరిగినా, లోడు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. హోండా ఎస్2000 మొదటి ఇంజన్ 84 మిల్లీ స్ట్రోక్‌తో 9000 దాకా తిరిగేది. పిస్టన్ సగటు వేగం సెకనుకు 25 మీటర్లు. నా ఎస్టీమ్ 6500 దగ్గర 16 మీటర్లు.

ఇంజన్ అమరిక బట్టి క్రాంక్ కష్టం మారుతుంది. టొయోటా 2జేజెడ్ అనే వరస ఆరు సిలిండర్ల ఇంజన్ మీద అందరికీ ఉన్న గౌరవం నాకూ ఉంది. 86 బోర్, 86 స్ట్రోక్, ఫోర్జ్‌డ్ క్రాంక్, ఏడు మెయిన్ బేరింగులు, ఇనుప బ్లాక్. వరస ఆరు సిలిండర్ల ఇంజన్ తనకు తానే బ్యాలెన్స్ అవుతుంది. కానీ పొడుగాటి క్రాంక్ తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది, ముందు పుల్లీలోని రబ్బర్ డ్యాంపర్ ఉన్నది అందుకే. వీ8 క్రాంక్ పొట్టిది, నాలుగు పిన్‌లు, ఐదు మెయిన్‌లు. క్రాస్‌ప్లేన్‌లో పిన్‌లు 90 డిగ్రీల్లో ఉంటాయి, బ్యాలెన్స్ కోసం పెద్ద ఎదురు బరువులు (కౌంటర్‌వెయిట్లు) కావాలి. పిన్‌లన్నీ ఒకే తలంలో ఉండే ఫ్లాట్‌ప్లేన్ తేలిక, చురుకు, బదులుగా వణుకు ఎక్కువ. కొత్త కార్వెట్ జెడ్06 5.5 లీటర్ల ఇంజన్ ఫ్లాట్‌ప్లేన్‌తోనే 8600 దాకా వెళ్తుంది. నన్ను అడిగితే, టర్బో వేసి పవర్ పెంచుకోవడానికి వరస ఆరే ఎంచుకుంటాను. డ్యాంపర్ రబ్బరు చీలిందేమో ఎప్పటికప్పుడు చూసుకుంటానంటేనే.

షెడ్డు లోపాలూ చెప్పాలి. నాలుగు రోజులన్న పని తొమ్మిది రోజులైంది. ఫోన్ చేస్తే ఎత్తరు, మనిషి వెళ్లాల్సిందే. డైనమిక్ బ్యాలెన్సింగ్ మెషిన్ లేదు. ఫ్లైవీల్, క్లచ్ కవర్‌తో కలిపి బ్యాలెన్స్ చేయించడానికి నేను మళ్లీ చెన్నై వెళ్లాను. అది టెన్షన్ పెట్టింది, ఖర్చు కూడా. గ్రైండింగ్‌కి, క్రాక్ టెస్ట్‌కి కలిపి 3,200 తీసుకున్నాడు. విరిగిన క్రాంక్‌తో పాటు పోయిన బ్లాక్ ఖర్చు తలుచుకుంటే ఇది ఎక్కువ కాదు.

పోయిన వారం ఆయిల్ సంపు విప్పి మూడో పిన్ షెల్ (పిన్ చుట్టూ ఉండే బేరింగ్ రేకు) తీసి చూశాను. అంతటా ఒకే బూడిద రంగు, ఎక్కడా రాగి బయటపడలేదు.

వెళ్లేవాళ్లు 0.25 మిల్లీ అండర్‌సైజ్ షెల్స్ (గ్రైండ్ చేసి సన్నబడిన క్రాంక్‌కి సరిపోయేవి) ముందే కొని పట్టుకెళ్లండి. అవి బిగించి, కొలిచి, ఆయిల్ గ్యాప్ ఎంత కావాలో లెక్క వేసుకుంటే తప్ప మేస్త్రీ రాయి తిప్పడు. నేను ఖాళీ చేతులతో వెళ్తే మొదటి రోజు వెనక్కి పంపాడు.