పోస్టాఫీసు ఆర్‌డీ: అరవై కిస్తీలు కట్టాక నా మాట

2025 నవంబర్‌లో నా ఆర్‌డీకి, అంటే నెలనెలా ఇంతని కట్టే రికరింగ్ డిపాజిట్‌కు, ఐదేళ్ళు నిండాయి. నెలకు 2,000 చొప్పున కట్టింది 1,20,000, చేతికొచ్చింది 1,39,000 పైచిలుకు. జడ్చర్లలో జాకెట్లు కుట్టి బతికే నాకు ఇది పెద్ద మొత్తమే.

2020లో ఖాతా తెరిచేనాటికి షాపుకొచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట, రోజులు బాగలేవని. పెళ్ళిళ్ళు నలుగురితో కానిచ్చేస్తున్నారు, మగ్గం వర్క్ అడిగేవాళ్ళే లేరు. ఇప్పుడూ అదే మాట వింటున్నాను. హైవే పక్కన ప్లాటు కొని అమ్ముడుపోక ఒకరు, హైదరాబాద్‌లో కొడుకు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని ఇంకొకరు. వాళ్ళ భయం ఉత్తది కాదు. నా గిరాకీ కూడా తగ్గింది. కానీ ప్రభుత్వం ఏం చేయాలో గంటసేపు మాట్లాడుకునే మనం, ఇంట్లో పైసలు ఎటు పోతున్నాయో పది నిమిషాలు కూర్చుని చూసుకోం. నేనూ అట్లాగే ఉన్నాను. లాక్‌డౌన్‌లో షాపు మూసినప్పుడు నోట్‌బుక్ తీస్తే, ఎవరి దగ్గర ఎంత ఉద్దెర ఉందో సగం రాసే లేదు. ఆ తప్పు కరోనాది కాదు, నాది.

ఆర్‌డీ నెలకు 100 రూపాయలతో కూడా మొదలుపెట్టొచ్చు. నెలలో 15లోపు ఖాతా తెరిస్తే ప్రతి నెలా 15లోపే కట్టాలి. తప్పితే వందకు రూపాయి చొప్పున అదనం. నాలుగు కిస్తీలు దాటి ఎగ్గొడితే ఖాతా ఆగిపోతుంది. ఏజెంటు అక్కలు ఇంటికొచ్చి తీసుకెళ్తారు కానీ నేను స్వయంగానే వెళ్ళేదాన్ని. పాపకు జ్వరం వచ్చి ఆస్పత్రి ఖర్చులు మీద పడ్డప్పుడు రెండు కిస్తీలు తప్పాను. ఆ పేజీ దగ్గర పాస్‌బుక్ అంచు మీద మెషీన్ ఆయిల్ అంటిన నా బొటనవేలి ముద్ర ఇప్పటికీ ఉంది. మూడో నెల కుట్టుకూలి రాగానే చేతులు కూడా తుడుచుకోకుండా వెళ్ళి మొత్తం కట్టేశాను.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది దీని మీద ఇచ్చే లోన్. ఏడాది గడిచి, పన్నెండు కిస్తీలు కట్టి ఉంటే, జమైనదాంట్లో సగం వరకు ఇస్తారు. వడ్డీ ఆర్‌డీ రేటు కంటే రెండు శాతం ఎక్కువ, అంతే. నాది 5.8 శాతం కాబట్టి లోన్‌కు 7.8 పడింది. 2022లో 15,000 తీసుకుని ఓవర్‌లాక్ మెషీన్ కొన్నాను. అదే బయట అడిగితే నూటికి నెలకు మూడు రూపాయలన్నారు. అంటే ఏడాదికి 36 శాతం! ఈ లెక్క వేసుకోకుండానే మా వీధిలో ఎంతమంది సంతకాలు పెడుతున్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

లోపాలూ చెప్పాలి. వడ్డీ తక్కువ. ఖాతా తెరిచిన రోజు రేటే ఐదేళ్ళూ ఉంటుంది. తర్వాత కొత్త ఖాతాలకు 6.7కు పెంచినా నాకు 5.8 మాత్రమే వచ్చింది. మూడేళ్ళు కాకముందు మూసేయడానికి లేదు, ఆ తర్వాత మధ్యలో మూస్తే సేవింగ్స్ వడ్డీతో సరిపెట్టుకోవాలి. ఈ ఐదేళ్ళలో బంగారం రెండింతలు దాటింది. మా వదినె అదే అంటుంది, "పైసలన్నీ అక్కడ పెట్టకపోతే తులం కొనుక్కునేదానివి కదా" అని. నిజమే. కానీ నెలకు రెండు వేలతో తులం ఎప్పటికి కొంటాను? చిట్టీ వేసే ఒకాయన చెప్పకుండా ఊరు దాటిపోయాక, కట్టిన అసలు సొమ్ము ఎక్కడికీ పోదన్న ధైర్యానికే నేను ఎక్కువ విలువ ఇస్తున్నాను.

పూట గడవడమే కష్టమైన ఇంటికి పొదుపు చేసుకోమని నేను చెప్పను. నెలాఖరుకు వెయ్యో రెండు వేలో ఎటు పోయాయో తెలియని నాలాంటి వాళ్ళకే ఈ మాట.

డిసెంబర్‌లో మళ్ళీ ఖాతా తెరిచాను, ఈసారి నెలకు 3,000. బాబిన్లు పెట్టుకునే డబ్బాలో ఒక అర ఖాళీ చేశాను. రోజూ మొదటి జాకెట్ కూలి వచ్చీ రాగానే వంద అందులో వేస్తున్నాను. ఉద్దెర నోట్‌బుక్ దాని పక్కనే ఉంటోంది.